చెరువు గట్టు మీద దొరికే షేరు కబురు

“షేర్లా? అమ్మో, మనకెందుకండీ!” చీటీ పాటలో పది రూపాయల తేడా వచ్చినా ఇట్టే పసిగట్టే ఇల్లాలు కూడా ఈ మాటే అంటుంది. బొంబాయి ఎనలిస్టుల కంట పడని కంపెనీ ఒక్కోసారి మన ఊరి పక్కనే ఉంటుంది మరి!

అమెరికాలో పీటర్ లించ్ అనే పేరుమోసిన ఫండ్ మేనేజరుకు ఒక మంచి షేరు ఆచూకీ ఇచ్చింది ఆయన భార్య కరోలినే. సూపర్ మార్కెట్లో గుడ్డు ఆకారపు డబ్బాలో అమ్మే మేజోళ్ళు ఆవిడకు నచ్చాయి. అవి తయారుచేసే హేన్స్ కంపెనీ షేర్లు ఆయన కొన్నారు.

మన కొల్లేటి వైపుకొద్దాం. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్య వేసినవాళ్ళ నడ్డి విరిచింది. 2009లో వనామీ రకానికి అనుమతి వచ్చాక చెరువులు మళ్ళీ కళకళలాడాయి. కొవ్వూరులో రొయ్యల మేత తయారుచేసే అవంతి ఫీడ్స్ షేరు అప్పటికే మార్కెట్లో ఉంది. చిన్న కంపెనీ కదా, పెద్ద బ్రోకర్లు పట్టించుకోలేదు. ఏ మేత బస్తాలు ఎక్కువ దిగుతున్నాయో గట్టు మీది వాళ్ళకు తెలుసు. 2017 చివరికి ఆ షేరు ఎన్నో పదుల రెట్లు పెరిగింది.

అలాగని రేపే కొనేయకండి. 2018లో అదే షేరు సగానికి పైగా పడిపోయింది. 2025లో అమెరికా సుంకాల వార్తలకు మళ్ళీ దెబ్బతింది. చెరువులున్న ఇంటివాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. రొయ్య ధర పడితే పంటా, షేరూ ఒకేసారి మునుగుతాయి. అలాంటివారు వేరే రంగం చూసుకోవడమే మేలు.

ఎవరూ పట్టించుకోని షేర్లలో చాలావాటికి ఆ గతి పట్టడానికి కారణం ఉంటుంది. కొన్నిటిని అమ్ముదామంటే కొనే నాథుడుండడు. అందుకే కంపెనీ వార్షిక నివేదిక తిరగేయండి. అప్పులెంత? యజమానులు తమ వాటా తాకట్టు పెట్టారా? భీమడోలు వైపు వాళ్ళకు ఆంధ్రా షుగర్స్ అంటే చెరకే గుర్తొస్తుంది. నివేదిక చూస్తే కాస్టిక్ సోడా, ఇస్రో రాకెట్ల ఇంధనం కూడా కనిపిస్తాయి! ఈ నివేదికలు ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. ఫోన్లో “అక్కా, ఈ షేరు కొనండి” అని వచ్చే మెసేజీలను మాత్రం నమ్మకండి.

పిల్లల ఫీజుల డబ్బు, బంగారం కుదువబెట్టిన డబ్బు ఇటు తేవద్దు. ఐదేళ్ళు కదిలించక్కర్లేని సొమ్ము ఉంటేనే ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో డీమ్యాట్ ఖాతా తెరవండి. అదీ మీ పేరునే. నామినీ పేరు రాయించడం మరిచిపోకండేం!