జియోక్యాష్ పేజీకి బ్యాక్‌గ్రౌండ్ ఫోటో పెడుతున్నారా? కేసముద్రంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి

ఏప్రిల్ ఎండలో ఒకతను ఫోన్ చేతిలో పట్టుకుని మా కేసముద్రం మార్కెట్ రోడ్డు మీద గంటసేపు నేల చూస్తూ తిరిగాడు. హమాలీలు "పైసలు పోయినయా తమ్మీ?" అని అడిగి, వాళ్లు కూడా కాసేపు వెతికారట. కానీ అతను వెతికే డబ్బా అక్కడ లేదు. అది ఎక్కడుందో నేను వెబ్ పేజీ బ్యాక్‌గ్రౌండ్ ఫోటోలో రాసిపెట్టాను. ఆ ఫోటో అతని ఫోన్‌లో కనిపించనే లేదు!

తప్పు పూర్తిగా నాదే. అందుకే ఈ ఆర్టికల్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ ఎలా పెట్టాలో, దాంతో ఏం చేయకూడదో రెండూ చెప్తాను.

ముందుగా, జియోక్యాషింగ్ అంటే?

సింపుల్‌గా చెప్పాలంటే జీపీఎస్‌తో ఆడే దాగుడుమూతలు. ఒకరు చిన్న డబ్బాలో లాగ్‌బుక్ పెట్టి దాస్తారు, దాని కోఆర్డినేట్స్ ఆన్‌లైన్‌లో పెడతారు. దొరికినవాళ్లు అందులో పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టేస్తారు.

2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే తేడాను ఆపేసింది. అప్పటిదాకా మామూలు జనాల రిసీవర్ 100 మీటర్ల దాకా తప్పు చూపించేది. ఆ మార్పు వచ్చిన వెంటనే, మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో మొదటి డబ్బా దాచారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో జియోక్యాషింగ్ డాట్ కామ్ మొదలైంది. ఇప్పుడు స్పెషల్ రిసీవర్ అవసరం లేదు, ఆకాశం బాగా కనిపించే చోట మన ఫోనే సుమారు 5 మీటర్ల దగ్గరికి తీసుకెళ్తుంది.

మా డబ్బా కథ

మొదట రైల్వే స్టేషన్ దగ్గర దాద్దామనుకున్నా. కాజీపేట-విజయవాడ లైన్‌లో ఉన్నాం కదా, రైలు దిగి వెతుక్కోవచ్చని ఐడియా. మా బాపు వినగానే "స్టేషన్ల డబ్బా దాస్తవారా? ఎవలన్నా చూస్తే పోలీసోళ్లొస్తరు. మన చేను కాడ మామిడిచెట్టుంది గదా, ఆడ పెట్టుకో" అన్నాడు. కరెక్టే. అనుమానం వచ్చే చోట డబ్బా పెట్టకూడదు, స్థలం ఎవరిదైతే వాళ్ల పర్మిషన్ ఉండాలి. మా చేనే కాబట్టి పర్మిషన్ ఇంట్లోనే దొరికింది.

దాన్ని మిస్టరీ క్యాష్ చేశాను. ఈ టైప్‌లో పేజీలో చూపించే పాయింట్ ఉత్తదే. పజిల్ సాల్వ్ చేస్తేనే అసలు చోటు తెలుస్తుంది, అది కూడా ఆ పాయింట్‌కి 3.2 కిలోమీటర్ల లోపే ఉండాలి. నేను పాయింట్‌ను మార్కెట్ రోడ్డు మీద పెట్టాను. బ్యాక్‌గ్రౌండ్‌గా మా పసుపు కొమ్ముల ఫోటో పెట్టి, అసలు కోఆర్డినేట్స్‌లో చివరి మూడేసి అంకెలు దాని మూలన చిన్నగా రాశాను. పేజీలో మాత్రం "పసుపును జాగ్రత్తగా చూడండి" అని ఒక్క లైన్ రాసి వదిలేశా.

వచ్చినతను యాప్‌లో చూశాడు. యాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ రాదు. పాపం, పసుపు అంటే మార్కెట్‌లో అమ్మే పసుపు అనుకున్నాడు! చివరి మూడు అంకెలు తెలియకపోతే ఉత్తర దక్షిణాలుగానే దాదాపు 1.8 కిలోమీటర్ల తేడా వస్తుంది. ఇక దొరికేదెలా? పేజీలో "దొరకలేదు" అని లాగ్ పెట్టి రైలెక్కి వెళ్లిపోయాడు. అది చదివాక నాకు అన్నం సయించలేదు.

బ్యాక్‌గ్రౌండ్ పెట్టే పద్ధతి

కంప్యూటర్ బ్రౌజర్‌లో చేస్తే ఈజీ.

1. ముందుగా మీ క్యాష్ పేజీ గ్యాలరీలోకి ఫోటో అప్‌లోడ్ చేయండి.
2. ఆ ఫోటోను పెద్దగా ఓపెన్ చేసి, ఇమేజ్ అడ్రస్ కాపీ చేసుకోండి.
3. క్యాష్ పేజీని ఎడిట్‌లో తెరిచి, బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ యూఆర్‌ఎల్ అనే బాక్స్‌లో పేస్ట్ చేయండి.
4. సేవ్ చేసి పేజీ రిఫ్రెష్ చేయండి. అంతే!

ఏ ఫోటో సూటవుతుంది?

నేను ముందు రైలు వెళ్తున్న ఫోటో పెట్టా. 4000 పిక్సెల్స్ వెడల్పు. నా ల్యాప్‌టాప్ స్క్రీన్ 1366 మాత్రమే కాబట్టి ఎడమ పైమూల ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. చిన్నది చేసి పెడితే, మధ్యలో ఉన్న రాతల భాగం కింద రైలు దాక్కుంది. బయటికి కనిపించేది రెండు పక్కల అంచులే.

అప్పుడు అర్థమైంది, ఇక్కడ సీనరీ పనికిరాదు. పసుపు కొమ్ములు, మిర్చి కుప్ప, మక్కజొన్న గింజలు, గోడ ఇటుకలు, ఇలా ఎక్కడ కట్ చేసినా ఒకేలా ఉండేవి బెస్ట్. నేను 300 పిక్సెల్స్ చదరం ముక్క తీసుకున్నా. ఇమేజ్ చిన్నదైతే పక్కపక్కన రిపీట్ అవుతూ పేజీ నిండుతుంది. సైజ్ కూడా ఎంబీల నుంచి కేబీల్లోకి వస్తుంది, నెట్ స్లోగా ఉన్నా పేజీ త్వరగా లోడ్ అవుతుంది. రంగు మరీ గాఢంగా ఉంటే బ్రైట్‌నెస్ కాస్త పెంచి లేతగా చేసుకోండి.

ఇంకో డేంజర్

అప్‌లోడ్‌కి ముందు మా తమ్ముడు నా ఫోన్ తీసుకుని ఫోటో డీటెయిల్స్ ఓపెన్ చేశాడు. "అన్నా, మ్యాప్‌ల పిన్ను మన మామిడిచెట్టు మీదనే ఉంది సూడు" అన్నాడు. గుండె గుభేల్‌మంది. చెట్టు పక్కనే కల్లంలో ఆరబోసిన పసుపును లొకేషన్ ఆన్‌లో పెట్టి తీశాను మరి! ఆ ఫోటో అలాగే పెట్టి ఉంటే పజిల్ అవసరమే లేకుండా అడ్రస్ చేతికిచ్చినట్టే. ఇంటి దగ్గర తీసిన ఫోటో అయితే ఇంకా ప్రమాదం.

కాబట్టి కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేసి తీయండి. పాత ఫోటో అయితే స్క్రీన్‌షాట్ తీసి దాన్ని వాడండి. అప్‌లోడ్‌కి ముందు ఒకసారి డీటెయిల్స్ చెక్ చేసుకోండి.

చివరగా

బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ పేజీకి అందం, మీ ఊరి గుర్తు. అంతవరకే వాడండి. వెతికేవాళ్లకు తప్పనిసరిగా కావాల్సిన సమాచారం అందులో పెట్టకండి. ఎందుకంటే డబ్బా వెతికేది టేబుల్ ముందు కూర్చుని కాదు, ఎండలో ఫోన్ పట్టుకుని. క్యాష్ పబ్లిష్ చేసేముందు బ్రౌజర్‌లో చూడండి, యాప్‌లోనూ చూడండి, వీలైతే వేరేవాళ్ల ఫోన్‌లోనూ చూడండి.

నేను ఆ రాత్రే పజిల్‌ను పేజీలోని రాతలోకి మార్చి, అతనికి సారీ చెప్తూ మెసేజ్ పెట్టాను. మే నెలలో మళ్లీ వచ్చాడు. ఈసారి ఇరవై నిమిషాల్లో చెట్టు దగ్గరున్నాడు. మా బాపు రెండు మామిడిపండ్లు కోసి చేతిలో పెట్టాడు. లాగ్‌బుక్‌లో మొదటి పేరు అతనిదే. పక్కనే చిన్నగా "ఈసారి పసుపు కనిపించింది" అని రాశాడు.