పునరావాస వైద్యులకు పరిశోధన శిక్షణ ఎందుకు?

పక్షవాతానికి గురైనవారు తిరిగి నడవగలగడం, స్వయంగా భోజనం చేయగలగడం పునరావాస వైద్య లక్ష్యం. మన దేశంలో ఈ విభాగంలో మూడేళ్ల ఎండీ చదివే రెసిడెంట్ వైద్యులు పరిశోధన వ్యాసం సమర్పించాలి.

ఈ పరిశోధన సులభం కాదు. ఔషధ పరీక్షలో మందు లేని మాత్రను అదే రూపంలో ఇవ్వవచ్చు. వ్యాయామాన్ని మాత్రం రోగికి తెలియకుండా చేయించలేరు. అందుకే ఎవరికి ఏ చికిత్స అందిందో కనీసం ఫలితాన్ని కొలిచేవారికైనా తెలియకుండా జాగ్రత్తపడతారు.

కొలమానమూ కీలకమే. 1965లో ప్రచురితమైన బార్తెల్ సూచిక పది దైనందిన పనులకు మొత్తం 100 మార్కులు కేటాయిస్తుంది. మంచం నుంచి కుర్చీలోకి మారడం అందులో ఉంది. నేలపై బాసింపట్టు వేసుకొని కూర్చోవడం లేదు. పూర్తి మార్కులు పొందిన రోగి సైతం ఇంట్లో అందరితో కలిసి నేలపై భోజనానికి కూర్చోలేకపోవచ్చు. ఇటువంటి లోటును గుర్తించి, ఆధారాలతో నిరూపించే నేర్పును ఇవ్వడమే ఈ శిక్షణ ప్రయోజనం.