కొత్తగా వచ్చిన ఆటగాడు

క్రికెట్ చూచేవారికి మెల్‌బోర్న్ మైదానం కొత్త కాదు. క్రిస్మస్ మర్నాడు అక్కడ మొదలయ్యే టెస్టు మాచ్ కోసం చీకటితో లేచి టెలివిజను ముందు కూర్చునేవారు మన వూళ్ళల్లో ఎందరో వున్నారు. ఏటా మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఆ మైదానం మరొక ఆటకు సొంతమని మాత్రం అక్కడికి వెళ్ళేదాకా నాకు తెలియదు. ఆ ఆట ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్. మెల్‌బోర్న్ వాసులకు అది ఆటా, జాతరా, కులదైవమూ కూడాను.

కిందటి వేసవి సెలవుల్లో నేనక్కడికి వెళ్ళడం ఆటలు చూడడానికి కాదు. మా అక్కయ్య కొడుకు ఆ వూళ్ళో ఉద్యోగంలో చేరి మూడు నెలలయింది. "వాడు ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతున్నాడురా. నువ్వొకసారి వెళ్ళి చూసి రా" అని అక్కయ్య నన్ను తరిమింది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఉన్న డబ్బంతా టిక్కెట్టుకు పెట్టి బయలుదేరాను.

మేనల్లుడు చిక్కిపోలేదు గాని, మాట తగ్గింది. రెండోరోజు రాత్రి అన్నాలు తింటూండగా సంగతి బయటపడింది. ఆఫీసులో ఏదో లెక్క తప్పు పంపాడట. దానివల్ల నలుగురు రెండు రోజులు చేసిన పని వృథా అయిందట. ఎవరూ పల్లెత్తు మాట అనలేదట.

"తిట్టినా బాగుండేది మామయ్యా! నేనిక్కడ ఇమడలేను" అన్నాడు.

ఏం చెప్పాలో నాకు తోచలేదు. మజ్జిగ వంచుకుని వూరుకున్నాను.

ఆ శనివారం, ఆఫీసులో వాడి పక్క బల్లమీద పనిచేసే పెద్దాయన మమ్మల్నిద్దరినీ ఫుట్‌బాల్ మాచ్‌కి తీసుకువెళ్ళాడు. అరవై యేళ్ళు దాటిన మనిషి. ఎరుపూ నీలమూ చారల ఉన్నిగుడ్డ మెడకు చుట్టుకుని వచ్చాడు. అవి మెల్‌బోర్న్ క్లబ్బు రంగులు. ఆరోజు ఆ టీములోకి ఒక కొత్త కుర్రవాడు దిగుతున్నాడు. మా ముందు వరసలో, వెనుక వరసలో, టీ అమ్మేచోట ఎక్కడ విన్నా ఒకటే చర్చ: వీడు టీములో ఇముడుతాడా, ఇమడడా? మేనల్లుడు తల వంచుకుని ఆ మాటలు వింటున్నాడు.

కోడిగుడ్డు బంతి

ముందు ఆట సంగతి కొంచెం చెప్పాలి. దీనికి మొదటి నిబంధనలు 1859లో ఆ మెల్‌బోర్న్‌లోనే రాసుకున్నారు. మైదానం కోడిగుడ్డు ఆకారం. బంతీ కోడిగుడ్డు ఆకారమే. ఒక్కొక్క జట్టున 18 మంది మైదానంలో వుంటారు. రెండు కొసలా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి నడుమ బంతిని తన్నితే గోలు, 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే ఒక్క పాయింటు. బంతిని కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్ది అందించవచ్చు, విసరకూడదు. పట్టుకుని పరుగెత్తవచ్చుగాని, పదిహేను మీటర్లకొకసారి దాన్ని నేలకు తాకించాలి. గుండ్రటి బంతి నేల తాకితే ఎటు లేస్తుందో చిన్నపిల్లవాడు కూడా చెప్పగలడు. ఈ బంతి ఎటు లేస్తుందో పుట్టించిన బ్రహ్మకే తెలియాలి.

ఇంకొక్క నిబంధన గుర్తుంచుకోండి. ముందుముందు దానితో పని వుంది. పదిహేను మీటర్లకు తక్కువ కాకుండా వచ్చిన బంతిని నేల తాకకుండా పట్టుకున్నవాడికి గాని, ఎదుటివారి తప్పువల్ల అంపైరు బంతి ఇచ్చినవాడికి గాని, అడ్డంకి లేకుండా తన్నుకునే హక్కు వుంటుంది. ఎదుటి జట్టువాడు ఒక గుర్తు దగ్గర నిలబడి చూడవలసిందే. ఆట ముగిసినట్టు సైరను మోగినా ఆ ఒక్క తన్నూ చెల్లుతుంది.

ఇక కొత్తవాళ్ళు ఎట్లా వస్తారు? 1986 నుంచి ఏటా కుర్రవాళ్ళను ఎంచుకునే పద్ధతి ఒకటి పెట్టారు. ఆ యేడు అట్టడుగున నిలిచిన క్లబ్బుకు మొదటి ఎంపిక. బలహీనుడికి ముందు వడ్డించడమన్నమాట. అదిగాక క్లబ్బులు ఆటగాళ్ళను మార్చుకుంటాయి. కొన్నేళ్ళు ఆడినవాడు తనంతట తానే మరొక క్లబ్బుకు పోవచ్చు. ఆటగాళ్ళందరికీ కలిపి ఇంతకు మించి జీతాలివ్వరాదని ప్రతి క్లబ్బుకూ పరిమితి వుంది. ఒకడికి దోసిలి నిండా పోస్తే మిగతావారికి చిటికెడే.

అందుచేత అక్కడి అభిమాని "వీడు బాగా ఆడతాడా?" అని అడిగి వూరుకోడు. "మనకు ఖాళీ ఎక్కడ వుంది? ఆ ఖాళీకి వీడు సరిపోతాడా?" అని అడుగుతాడు. గోళ్ళదగ్గర ఎత్తు బంతులు పట్టే పొడగరి వుండాలి. కింద పడ్డ బంతిని ఏరుకునే చురుకైన పొట్టివాడు వుండాలి. నడిమి మైదానంలో అలుపెరగక తిరిగేవాళ్ళు వుండాలి. ఆట ఆగి మళ్ళీ మొదలైనప్పుడల్లా గాలిలోకి ఎగిరి బంతిని తనవాళ్ళవైపు కొట్టే ఆజానుబాహువు వుండాలి. ఇద్దరు పొడగర్లు ఒకే బంతికి ఎగిరితే ఇద్దరికీ దక్కదు. పద్యం రాసేవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. మాట ఎంత ముద్దుగా వున్నా గణం చెడగొడితే ఆ పాదంలో దానికి చోటు లేదు.

అయిర్లండు కుర్రవాడు

విరామంలో పెద్దాయన మమ్మల్ని మైదానం బయట వున్న ఒక విగ్రహం దగ్గరకు తీసుకువెళ్ళాడు. జిమ్ స్టయిన్స్ విగ్రహమది. "ఇతన్ని మించిన కొత్తవాడు ఈ ఆటలో లేడు" అని కథ చెప్పాడు.

స్టయిన్స్‌ది అయిర్లండు, డబ్లిన్ నగరం. అక్కడివారికి గేలిక్ ఫుట్‌బాల్ అని ఒక ఆట వుంది. అందులోనూ బంతిని పట్టుకోవచ్చు, తన్నవచ్చు, చేత్తో అందించవచ్చు. బంతి మాత్రం గుండ్రనిది. ఆ కుర్రవాళ్ళకు తమ ఆట నేర్పితే ఎట్లా వుంటుందని మెల్‌బోర్న్ క్లబ్బువారికి బుద్ధి పుట్టి, అక్కడి పత్రికలో ప్రకటన వేశారు. 18 యేళ్ళ స్టయిన్స్ జవాబు రాసి, 1984లో వచ్చి చేరాడు. ఆరున్నర అడుగుల మనిషి. ఎత్తు వుంది, పరుగు వుంది; కోడిగుడ్డు బంతి మాత్రం చేతికి లొంగలేదు. కొంతకాలం చిన్న క్లబ్బుకు ఆడి నేర్చుకుని, 1987లో పెద్ద టీములో అడుగుపెట్టాడు.

1987 అంటే మెల్‌బోర్న్ అభిమానులకు మరపురాని యేడు. 1964లో ఛాంపియనైన ఆ క్లబ్బు ఆ తర్వాత 23 యేళ్ళపాటు చివరి పోటీలకే రాలేదు. ఆ యేడు వచ్చింది. రెండు మాచ్‌లు గెలిచింది. మూడోది హాథార్న్ క్లబ్బుతో. గెలిస్తే గ్రాండ్ ఫైనల్. కాప్టెను రాబీ ఫ్లవర్ ఎన్నో యేళ్ళుగా ఆ వోడిపోయే టీమును మోసినవాడు. ఆ సీజనుతో ఆట మానబోతున్నాడు. అతన్ని ఒక్క గ్రాండ్ ఫైనల్‌లో చూడాలని జనం ఆశ.

చివరి క్షణాలు. మెల్‌బోర్న్ 4 పాయింట్లు ముందుంది. హాథార్న్ ఆటగాడు గారీ బకెనారాకు బంతి తన్నే హక్కు వచ్చింది. గోలు చాలా దూరం. అక్కడినుంచి పడడం కష్టం. సైరను మోగబోతోంది. సరిగ్గా అప్పుడు స్టయిన్స్, ఒక ఎదుటి ఆటగాడి వెంట పరుగెత్తుతూ, బకెనారాకూ గుర్తుకూ మధ్యనుంచి అడ్డంగా దాటాడు. అది తప్పు. ఆ దేశంలో పుట్టిన పిల్లవాడు నిద్రలో కూడా చేయని తప్పు. అంపైరు శిక్షగా బకెనారాను పదిహేను మీటర్లు ముందుకు జరిపాడు. సైరను మోగిన తర్వాత బకెనారా తన్నాడు, గోలు పడింది. రెండు పాయింట్లతో మెల్‌బోర్న్ వోడింది. ఫ్లవర్ గ్రాండ్ ఫైనల్ ఆడకుండానే వెళ్ళిపోయాడు.

"నేనక్కడే వున్నాను. ఆ రాత్రి ఆ కుర్రవాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు" అన్నాడు పెద్దాయన.

మరి క్లబ్బు ఏం చేసింది? తిరుగు టిక్కెట్టు చేతిలో పెట్టలేదు. 1988లో స్టయిన్స్ మళ్ళీ ఆడాడు. ఆ యేడు మెల్‌బోర్న్ గ్రాండ్ ఫైనల్‌కు వచ్చి, అదే హాథార్న్ చేతిలో చిత్తుగా వోడింది. ఆ వోటమి తర్వాత కూడా అతను ఆడాడు. 1987 నుంచి 1998 దాకా వరసగా 244 మాచ్‌లు ఒక్కటి తప్పకుండా ఆడాడు. దెబ్బలు సాధారణమైన ఆ ఆటలో అది రికార్డు. ఏటా అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో పతకం 1991లో అతనికి వచ్చింది. చిత్రమేమిటంటే, ఆ పతకానికి ఓట్లు వేసేది అంపైర్లే.

ఆట మానకముందే, 1994లో, కష్టాల్లో వున్న యువకులకోసం ఒక సంస్థ ప్రారంభించాడు. క్లబ్బు అప్పుల్లో మునిగివుండగా 2008లో దానికి అధ్యక్షుడై, మరుసటి యేడు కాన్సరు వచ్చినా ఆ బాధ్యత మోశాడు. 2012 మార్చిలో, 45 యేళ్ళకు కన్నుమూశాడు. విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది. 57 యేళ్ళ తర్వాత, 2021లో, మెల్‌బోర్న్ మళ్ళీ ఛాంపియనయినప్పుడు తన ఇంట్లో మొదట తలచుకున్నది స్టయిన్స్‌నేనని చెప్పి, పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

కోటి డాలర్ల మనిషి

అందరి కథా ఇట్లా సాగదు. ఆట మళ్ళీ మొదలయింతర్వాత పెద్దాయన మరి ఇద్దరి సంగతి చెప్పాడు.

లాన్స్ ఫ్రాంక్లిన్ అప్పటికే హాథార్న్‌తో రెండుసార్లు ఛాంపియనైన మహా ఆటగాడు. 2013 చివర సిడ్నీ క్లబ్బు తొమ్మిదేళ్ళకు కోటి డాలర్లు ఇస్తామని అతన్ని తెచ్చుకుంది. ఆ సిడ్నీ 2012లో పదిమందీ కలిసి పనిచేసి గెలిచిన టీము. ఫ్రాంక్లిన్ డబ్బుకు తగ్గట్టే ఆడాడు. 2022 మార్చిలో అతను వెయ్యో గోలు కొట్టినప్పుడు వేలాది జనం మైదానంలోకి వురికారు. కాని అతనితో సిడ్నీ ఆడిన మూడు గ్రాండ్ ఫైనళ్ళూ, 2014లో, 2016లో, 2022లో, వోడిపోయింది. ఇమిడినట్టా, ఇమడనట్టా?

టామ్ బాయిడ్ 2013 ఎంపికలో మొట్టమొదటివాడు. ఒక్క సీజను ఆడాడో లేదో, వెస్టర్న్ బుల్‌డాగ్స్ క్లబ్బు ఏడేళ్ళ ఒప్పందంమీద, పేరుమోసినవాళ్ళకు ఇచ్చేటంత జీతంతో తెచ్చుకుంది. పందొమ్మిదేళ్ళవాడు! ప్రతి వారమూ అతని ఆటను అతని జీతంతో తూచారు. 2016 గ్రాండ్ ఫైనల్‌లో ఈ ఇద్దరూ ఎదురుపడ్డారు. ఫ్రాంక్లిన్ మొదట్లోనే చీలమండకు దెబ్బ తగిలించుకుని కుంటుతూ ఆడాడు. బాయిడ్ మూడు గోళ్ళు కొట్టాడు. చివరి భాగంలో చాలా దూరంనుంచి తన్నిన బంతి దొర్లుకుంటూ పోయి స్తంభాల మధ్య పడింది. 1954 తర్వాత బుల్‌డాగ్స్‌కు అదే మొదటి ఛాంపియన్‌షిప్పు. అయినా ఆ బరువు కుర్రవాడి మనసును వదలలేదు. మరుసటి యేడు మానసికంగా బాగాలేదని ఆటకు కొంతకాలం దూరమయ్యాడు. 2019లో, 23 యేళ్ళకే, ఒప్పందం ఇంకా మిగిలివుండగా ఆట మానుకున్నాడు.

"పొడుగు కొలుస్తారు, పరుగు కొలుస్తారు. తప్పు చేసిన మర్నాడు అతను మళ్ళీ వస్తాడా, వస్తే వీళ్ళు పక్కన చోటిస్తారా? అది కొలిచే టేపు ఎవరిదగ్గరా లేదు" అన్నాడు పెద్దాయన. ఆ మాట అంటూ ఆయన మైదానం వైపే చూస్తున్నాడు. మావాడి వైపు చూడలేదు. ఆ మర్యాద నాకు నచ్చింది.

ఆరోజు కొత్త కుర్రవాడు ఒక బంతి జారవిడిచాడు. స్టాండంతా "అయ్యో" అంది. పక్కనున్న ఆటగాడు వచ్చి వాడి వీపు తట్టి, తన చోటికి పరుగెత్తాడు. ఎవరు గెలిచారో నేను సరిగా పట్టించుకోలేదు.

తిరుగు రైల్లో మావాడికి ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాను. నేను కాలేజీలో చేరిన మొదటి నెలలో నిండు సాహిత్యసభలో ఒక ఉత్పలమాలను చంపకమాల అన్నాను. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల అవుతుందని ఇంటర్మీడియెట్ పిల్లలకూ తెలుసు. సభ గొల్లుమంది. ఆ రాత్రి రాజీనామా కాగితం రాసుకున్నాను. తెల్లవారి మా శాఖలో పెద్ద పంతులుగారు ఆ సభ మాటే ఎత్తకుండా, "ఇవాళ ఛందస్సు క్లాసు మీరు తీసుకోండి" అన్నారు. ఇరవై యేళ్ళనుంచీ తీసుకుంటూనే వున్నాను.

"ఆ కాగితం ఏం చేశావు మామయ్యా?" అన్నాడు.

"చాకలి పద్దు రాసుకున్నాను" అన్నాను.

మూడు నెలల్లో మొదటిసారి వాడు పైకి నవ్వాడు. సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్ళేముందు వాళ్ళమ్మకు వాడే ఫోను చేశాడు. పది నిమిషాలు మాట్లాడాడు. వెళ్ళేటప్పుడు మెడకు ఎరుపూ నీలమూ చారల ఉన్నిగుడ్డ చుట్టుకున్నాడు. ఎప్పుడు కొన్నాడో నేను చూడలేదు.