కలుపు మందు కొట్టం సరే, కలుపు తీసే అవ్వకు కూలి ఎంతిస్తున్నాం?

పై వీడియోలో నవధాన్యాల విత్తన గుళికలు మా పొలంలో ఎట్లా చేస్తామో చూపించాను. గుళికలు చుడుతున్న ఐదుగురు ఆడవాళ్లలో నలుగురికి యాభై దాటాయి. బీజామృతం కొలతలన్నీ వీడియోలో ఉన్నాయి కాబట్టి, ఇక్కడ వాళ్ల పని గురించి రాస్తున్నా.

ముందు లెక్క చూద్దాం. కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) ప్రకారం 2017-18లో 15 ఏళ్లు దాటిన పల్లె ఆడవాళ్లలో పని చేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి నూటికి 24.6 మంది. 2023-24కి అది 47.6 అయింది. వినడానికి బాగుంది. కానీ సొంత పొలంలో, ఇంటి వ్యాపారంలో కూలి లేకుండా చేసేవాళ్లు కూడా ఆ లెక్కలోనే ఉన్నారు. దేశంలో పని చేసే ఆడవాళ్లలో మూడో వంతు కంటే ఎక్కువ మంది అట్లాంటివాళ్లే. పని ఉంది, చేతిలో డబ్బు లేదు. ఇంకోపక్క, పొద్దున్నే బర్రెకు గడ్డి కోసుకొచ్చే తల్లి గురించి అడిగితే "మా అమ్మ ఇంట్లోనే ఉంటాది" అనే కొడుకులు ప్రతి ఊళ్లో ఉన్నారు. నా స్నేహితుల్లోనే ఉన్నారు.

వరి, పత్తి, వేరుశనగ, ఏదైనా సరే కలుపు పని మన దగ్గర ఆడవాళ్లదే. కలుపు మందు రాగానే ముందు పోయింది వాళ్ల కూలి రోజులే. మందు కొట్టే పని మగవాళ్లకు పోయింది. వేరుశనగ కాయ కోసే మిషనూ, వరి నాటే మిషనూ అంతే. మిషను తప్పని నేననను, నా దగ్గరా పవర్ వీడర్ ఉంది. కానీ మిగిలిన కాస్త పనికి ముఠా కట్టేటప్పుడు వయసులో ఉన్నవాళ్లనే ఆటో ఎక్కిస్తారు. యాభై ఐదేళ్ల మనిషి రోడ్డు మీదే నిలబడిపోతుంది. ఆంధ్రాలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నాలుగు వేలు అయింది, మంచిదే. కానీ అది అందుకోవాలంటే అరవై నిండాలి. ఆ మధ్య ఏళ్లు ఎట్లా గడవాలి?

ప్రకృతి వ్యవసాయంలో చేతిపని మళ్లీ వస్తుంది. కలుపు తీయాలి, ఆచ్ఛాదన పరవాలి, వేపాకు దంచాలి, విత్తనం ఏరాలి. మీటింగుల్లో మనమంతా "పెట్టుబడి తక్కువ" అని గట్టిగా చెప్తాం. ఆ తక్కువలో పెద్దవాళ్లకిచ్చే అరకూలి ఎంతుందో మాత్రం ఎవరూ చెప్పరు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టంలో పనికి పై వయసు పరిమితి పెట్టలేదు, ఆడా మగా కూలిలో తేడా పెట్టలేదు. సర్కారు చెరువు పనికి ఉన్న న్యాయం మన చేలో ఎందుకుండకూడదు?

మా దగ్గర గుళికలు చుట్టే పనికి వయసుతో సంబంధం లేకుండా ఒకటే కూలి. ఇది జాలితో చేసేది కాదు. బీజామృతం తడి ఎక్కువైతే గింజలు ముద్దలవుతాయి, తక్కువైతే బంకమట్టి రాలిపోయి చీమల పాలు, పిట్టల పాలు. వానకు ముందే పొడి దుక్కిలో చల్లే విత్తనం, పూత నిలవకపోతే పోయినట్టే. రెండు వేళ్లతో నొక్కి "ఇంకింత బూడిద చల్లు నాయనా" అని చెప్పే అవ్వ పక్కనుంటే నా డిప్లొమా చదువు కూడా వినాల్సిందే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డీడీఎస్ మహిళా సంఘాలు ఏళ్ల తరబడి విత్తనాలు కాపాడుకొచ్చాయి, 2019లో ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. అక్కడా విత్తనం పెద్దవాళ్ల చేతిలోనే ఉంది.

"వంగితే నడుము పట్టేస్తాది, కూసోని చేసే పనైతే పొద్దుగూకేదాకా చేస్తా" అంది మా అవ్వల్లో ఒకామె. అందుకే వంగే పని ఎండెక్కకముందే ఆపేసి, తర్వాత చెట్టు కింద కూర్చునే పనులు పెడుతున్నా. దీనివల్ల గుళికల ఖర్చు పెరిగింది, ధరలో కలిపాను. బేరమాడి కొన్నవాళ్లున్నారు, వదిలేసి పోయినవాళ్లూ ఉన్నారు.

నిలబడి కలుపు తీసే పొడుగు పిడి పరికరం ఈ నలుగురితోనే వాడించి చూస్తున్నా. ఎవరికి పిడి ఎంత ఎత్తు కావాల్సొచ్చిందో వచ్చే వీడియోలో కొలతలతో చూపిస్తా.