నష్టాల్లో నడిచిన నవ్వుల హోటల్

సాలూరులో హోటల్ పెట్టడం ఆషామాషీ కాదు. ఇది లారీల ఊరు. రాయపూర్ వైపు వెళ్లే డ్రైవరు పాచిపెంట దాటి ఘాట్ ఎక్కేముందు ఇక్కడ బండి ఆపుతాడు. ఇనుప రాడ్డుతో టైర్లన్నీ ఒకసారి కొట్టి చూసుకుని, ఆ తర్వాతే టీ. ఆ టీ నీళ్లలా ఉందంటే మళ్లీ ఆ హోటల్ ముందు లారీ ఆగదు. ఇలాంటి ఊళ్లో కూచుని చూస్తే ‘అమృతం’ సీరియల్ ఇంకాస్త ఎక్కువ నవ్విస్తుంది. వంట రానివాళ్లు, లెక్క రానివాళ్లు, బుద్ధి కూడా అంతంతమాత్రమే అయినవాళ్లు కలిసి నడిపిన హోటల్ కథ మరి!

2001 నవంబరు 18న జెమినీ టీవీలో మొదలైన ‘అమృతం’ 2007 నవంబరు దాకా సాగింది. మొత్తం 313 ఎపిసోడ్లు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి వంటిల్లు సర్దేసి అందరూ టీవీ ముందు చేరేవారు. అంతకుముందు దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందోబ్రహ్మ’తో ఇంటింటా నవ్వులు పూయించారు. కానీ ప్రతివారం ఒక చిన్న సినిమా చూసిన తృప్తినిచ్చింది మాత్రం ‘అమృతం’. ‘లిటిల్ సోల్జర్స్’ తీసిన గుణ్ణం గంగరాజు దీని సృష్టికర్త. ఆయన నిర్మాణంలోనే తర్వాత ‘ఐతే’ తీసిన చంద్రశేఖర్ యేలేటి దీని దర్శకుల్లో ఒకరు.

కథలో ఉన్నదంతా ఒక ఇల్లు, ఒక ‘అమృత విలాస్’. అమృతరావుకి రోజుకో ఆలోచన పుడుతుంది. అతని స్నేహితుడు ఆంజనేయులు తల అడ్డంగా ఊపుతూనే అందులో దూకుతాడు. సర్వర్ సర్వం ఉన్న గందరగోళానికి తన వంతు చేర్చిపెడతాడు. ఇంటి ఓనరు అప్పాజీ సరిగ్గా రాకూడని వేళకే వస్తాడు. జేబులో డబ్బుల్లేకుండా పథకాలు మాత్రం వేసే మనిషి మన ఉమ్మడి విజయనగరం జిల్లాకి కొత్తేమీ కాదు. గురజాడ గిరీశాన్ని చూసినవాళ్లం. కాకపోతే గిరీశం ఎదుటివాణ్ని ముంచుతాడు, అమృతరావు ముందు తనే మునుగుతాడు. అందుకే అతని మీద మనకి కోపం రాదు.

అమృతరావుగా మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆపైన హర్షవర్ధన్ వేశారు. హీరో పాత్ర ముగ్గురి చేతులు మారినా సీరియల్ కుదేలవలేదంటే, దాన్ని మోసింది ఆంజనేయులుగా వేసిన గుండు హనుమంతరావే అని నా లెక్క. ఆంజనేయులు డైలాగు చెప్పకముందే, ఆ నిస్సహాయపు చూపుకే సగం నవ్వు వచ్చేసేది. జంధ్యాల ‘అహ నా పెళ్లంట’తో వెండితెరకొచ్చిన ఆయనకి సినిమాల్లో ఇంత చోటు దొరకలేదు. 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

2014లో గంగరాజే ‘అమృతం చందమామలో’ అంటూ హోటల్‌ని ఏకంగా చంద్రుడి మీదికి ఎక్కించారు. థియేటర్లలో ఆడలేదు. అద్దె బాకీ, పాచిపోయిన చట్నీ పండించిన నవ్వుని అంత ఎత్తుకి మోసుకెళ్తే మిగలదు. 2020 ఉగాదికి జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది, ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్. బాగానే చేశారు. అయినా కళ్లు పాత ఆంజనేయుల్ని వెతుక్కున్నాయి.

పాత ఎపిసోడ్లు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఈ ఆదివారం పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని, మొదటి నుంచీ వరసగా చూడండి.