ఆబిడ్స్ నడినెత్తిన రెండుసార్లు

ఏటా మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు, హైదరాబాద్ ఆబిడ్స్ సర్కిల్లో నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఆగస్టు 3 ప్రాంతంలో 12.22కి మళ్లీ అదే జరుగుతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి పక్కనే నౌబత్ పహాడ్ మీద 1985 నుంచి ఉన్న బిర్లా ప్లానెటేరియం దాకా వెళ్లక్కర్లేదు, కర్ర ఒక్కటి చాలు. కర్కట రేఖకు దక్షిణాన ఉన్న మన ఊళ్లన్నిటికీ సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు నడినెత్తికి వస్తాడు.

సూర్యుడు అదే, ఊరి ఎత్తూ అదే. అయినా మేలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 39 డిగ్రీల దగ్గర ఉంటే, ఆగస్టులో 30 దగ్గర ఆగుతుంది. హైదరాబాద్‌కు ఎప్పుడు రావాలి, ఇక్కడినుంచి కొండలకు ఎప్పుడు బయల్దేరాలి అని లెక్కలు వేసుకునేవాళ్లు ముందు ఈ తొమ్మిది డిగ్రీల సంగతి తేల్చుకోవాలి.

దక్కన్ పీఠభూమి మీద మన నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ లెక్కన మనకు మూడు డిగ్రీలకు పైగా కలిసిరావాలి. కానీ సముద్రం ఒడ్డునే ఉన్న విశాఖలో మే మధ్యాహ్నాలు మన మధ్యాహ్నాలకంటే తక్కువ వేడి. అక్కడ సముద్రపు గాలి ఉంది, ఇక్కడ ఎండిన నేలా బండరాళ్లూ ఉన్నాయి. హైదరాబాద్‌లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. రోళ్లు పగిలే రోహిణీ కార్తె మరి!

అసలు తేడా నీటిలో ఉంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 క్యాలరీల వేడి కావాలి. ఆగస్టులో నేల తడిగా ఉంటుంది, చెట్లకు ఆకు నిండుగా ఉంటుంది. మేఘాలు అడ్డుకోగా కిందికి దిగిన ఎండలో పెద్ద వాటా ఈ ఆవిరి పనికే ఖర్చయిపోతుంది. మేలో ఆ ఖర్చు లేదు. వచ్చిన ఎండంతా నేలను, నేల గాలిని కాలుస్తుంది. ఇళ్లల్లో కూలర్ వేసవిలో పనిచేసి వానాకాలంలో మొరాయించేదీ ఇందుకే. 40 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్న గాలిని నీటితో తడిపితే సిద్ధాంతం ప్రకారం 24 డిగ్రీల దాకా దిగుతుంది. 30 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న ఆగస్టు గాలి 25, 26 దగ్గరే ఆగిపోతుంది. అందుకే వానాకాలంలో నాంపల్లి లాడ్జిలో దిగేవాళ్లు కూలర్ ఉన్న గదికి అదనంగా డబ్బు కట్టడం దండగ. గాలి ఆడే కిటికీ, మంచి ఫ్యాను ఉన్నాయా అని చూసుకుంటే చాలు.

ఇంకో విచిత్రం. జనవరి పగలు, ఆగస్టు పగలు ఇక్కడ దాదాపు ఒకే వేడిలో ఉంటాయి. రెంటికీ ఒక్క డిగ్రీ అటూ ఇటూ. తేడా అంతా రాత్రిళ్లది. ఆగస్టు రాత్రి 22 డిగ్రీలకు మించి పెద్దగా దిగదు, జనవరిలో సగటున 15 దాకా పడుతుంది. పగలంతా వేడెక్కిన నేల రాత్రి ఆ వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదులుతుంది. మబ్బులు, గాలిలోని నీటి ఆవిరి ఆ కిరణాల్ని పట్టుకుని కొంత వెనక్కి పంపుతాయి. జనవరిలో ఆ కప్పు పలచబడిపోయి వేడి నేరుగా జారిపోతుంది. ఈ నగరంలో అత్యల్పం 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. ఉష్ణమండలపు ఎత్తు ప్రదేశాలలో చలికాలం అనేది చాలావరకు రాత్రిపూట వ్యవహారమే.

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ ఈ వాతావరణానికి తగ్గట్టే నడుస్తుంది. నుమాయిష్ ప్రదర్శన 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఈ మైదానానికి మారింది. ఇప్పుడు జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడుమ దాకా సాగుతుంది. వాన చినుకే అరుదైన రోజులు, సాయంత్రం ఎంతసేపు తిరిగినా చెమట పట్టదు. అయితే ఆరింటికి చొక్కాతో వెళ్లినవాళ్లు పదింటికి వణుకుతూ బయటికొస్తారు, స్వెటర్ ఉండాల్సిందే. చలి రాత్రుల్లో నేల దగ్గరి గాలి పైగాలి కంటే చల్లబడి కిందే ఉండిపోతుంది, బండ్ల పొగ కూడా దానితోపాటే చిక్కుకుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ నెలల్లో ఆబిడ్స్‌లో తెల్లవారుజాము నడక మానుకుని, కాస్త ఎండెక్కాక బయల్దేరడం మేలు.

అదే మైదానంలో మృగశిర కార్తె నాడు, అంటే జూన్ 7, 8 ప్రాంతంలో, బత్తిని కుటుంబం చేప ప్రసాదం పంచుతుంది. దాంతో ఉబ్బసం నయమవుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. తేదీ మాత్రం ఆసక్తికరం. సూర్యుడి నక్షత్ర స్థానాన్ని బట్టి కట్టిన కార్తె, నైరుతి రుతుపవనాలు నగరానికి చేరే సాధారణ తేదీతో ఇంచుమించు కలిసిపోతుంది. అప్పటినుంచి సెప్టెంబరు చివరిదాకా ఏటి వానలో దాదాపు మూడొంతులు పడుతుంది. పగలు వేడెక్కిన గాలి పైకి లేచి మధ్యాహ్నానికి మేఘం కడితే, వాన తరచు సాయంత్రం మీద పడుతుంది. ఆబిడ్స్‌లో పుస్తకాలు, బట్టలు కొనాలనుకునేవాళ్లు పొద్దున్నే ఆ పని ముగించుకోవాలి. సాయంత్రం రైలుంటే నాంపల్లి స్టేషన్‌కు గంట ముందే చేరాలి. రుతుపవనాలు వెనక్కి మళ్లే వేళనూ నమ్మలేం. మూసీ వరద 1908 సెప్టెంబరు 28న వచ్చింది, 2020లో ముంచెత్తిన వాన అక్టోబరు నడుమ కురిసింది.

ఇక ఇక్కడినుంచి కొండలకు. నాంపల్లి స్టేషన్లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ, అక్కడినుంచి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున అరకు. దసరా సెలవులకు టికెట్లు తీసుకోవడం మనవాళ్ల అలవాటు కానీ, అది బంగాళాఖాతం తుపానుల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను తాకింది. నవంబరు చివరికి ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

లంబసింగికి అయితే తునిలోనో అనకాపల్లిలోనో దిగి నర్సీపట్నం మీదుగా పోవాలి. ఎత్తు వెయ్యి మీటర్లే, ఊటీలో సగం కూడా లేదు. అయినా ఉష్ణోగ్రత అక్కడ సున్నాకు దగ్గరగా వెళ్లిన రాత్రులున్నాయి. చుట్టూ ఉన్న వాలుల మీద చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారి నిలిచిపోతుంది, అందులోని తేమ పొగమంచుగా మారుతుంది. ఎండ పైకొచ్చేకొద్దీ అది కరిగిపోతుంది కాబట్టి రాత్రి అక్కడే బస చేయాలి. ఇదంతా జరగడానికి గాలి కదలకూడదు, ఆకాశం తేటగా ఉండాలి. మీరు వెళ్లే రోజుల్లో మబ్బు ఉంటుందని వాతావరణ శాఖ చెబితే, డిసెంబరైనా సరే, టికెట్ ఇంకో వారానికి మార్చుకోండి.