కంటికి కానరాని బీటలు: కాంక్రీటును గాలితో పరీక్షించు విధానము

క్రొత్త కుండను కొనువారు దానిని వ్రేలితో తట్టి చూచుట మన గ్రామములలో అనాదిగా నున్న ఆచారము. కంటికి బాగుగా కనిపించు కుండలో సన్నని బీట యున్నచో ఆ మ్రోతయే దానిని బయటపెట్టును. ప్రజాధనముతో కట్టించిన నీళ్ళ ట్యాంకు, పాఠశాల శ్లాబు, వంతెనల విషయమునను ఇట్టి జాగ్రత్త అవసరము.

కాంక్రీటు పైపొరలో మిల్లీమీటరులో పదవ వంతుకన్న సన్నని బీటలు ఏర్పడవచ్చును. పోసిన కాంక్రీటు ఎండకు, గాలికి త్వరగా ఆరిపోవుట, నీరు మితిమీరి కలుపుట, బలము రాకమునుపే బరువు మోపుట ఇందుకు ముఖ్య కారణములు. ఈ బీటలగుండ నీరు, గాలి లోనికి చేరును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటులోని క్షారగుణమును తగ్గించును. ఇనుప కడ్డీలను తుప్పునుండి కాపాడునది ఆ గుణమే. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, పై కాంక్రీటును పెచ్చులుగా ఊడదీయును. కంటికి కనిపించునప్పటికే నష్టము ముదిరియుండును.

ఈ లోపమును ముందుగా పసిగట్టుటకు గాలి పరీక్ష తోడ్పడును. రెండు అరలు గల గిన్నెవంటి సాధనమును గోడకు అదిమి, అందలి గాలిని పంపుతో తీసివేయుదురు. అప్పుడు కాంక్రీటులోని గాలి రంధ్రములగుండ, బీటలగుండ గిన్నెలోనికి వచ్చును. వెలుపలి అర ప్రక్కలనుండి వచ్చు గాలిని ఆపును. లోపలి అరలో పీడనము ఎంత వేగముగా పెరుగునో యంత్రము కొలుచును. ఒక్కొక్క చోట పన్నెండు నిమిషములు మించి పట్టదు. గోడను పగులగొట్ట నక్కరలేదు. స్విట్జర్లాండు దేశము ఈ విధానమును తన నిర్మాణ ప్రమాణములలో చేర్చుకొన్నది.

మంచి కాంక్రీటునకును, నాసి కాంక్రీటునకును ఈ కొలతలో వేయి రెట్ల భేదము సైతము ఉండవచ్చును. అయితే రెండు సంగతులు మరువరాదు. తడి కాంక్రీటులో రంధ్రములు నీటితో మూసుకొని యుండుటచే చెడ్డదియు మంచిదివలె తోచును. కావున పైపొర ఆరిన పిదపనే పరీక్షింపవలెను. మరియు గాలి బీటలోనుండి వచ్చినదో, సహజమైన రంధ్రములోనుండి వచ్చినదో యంత్రము చెప్పజాలదు. అందుచే అదే కట్టడములో చెడని భాగమునుకూడ కొలిచి, రెంటిని పోల్చి చూడవలెను. భేదము ఎక్కువగా నున్నచోట ఇంజనీరు ముక్కను కోసి తీసి నిర్ధారణ చేయవచ్చును.

సభ్యులకు మేము చేయు మనవి ఇది. అనుమానము కలిగిన కట్టడమునకు తుది బిల్లు చెల్లించుటకు ముందే పరీక్ష జరిపింపుడని ఇంజనీరును కోరుడు. అంతకన్న ముఖ్యము బీట పుట్టకుండ చూచుట. భారతీయ ప్రమాణము ప్రకారము సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసము 7 దినములు, ఎండ తీవ్రముగా నున్నచో 10 దినములు తడిగా నుంచవలెను. గోనెపట్టాలు కప్పి నీరు చల్లించుటకు అగు వ్యయము స్వల్పము. అది తప్పినచో కలుగు నష్టమును భరించునది గ్రామమే.